మోకాట్లో కరెంటు పెడతారా, డాక్టరు గారూ?

మా వైపు కాన్సరుకు రేడియేషన్ ఇవ్వడాన్ని "కరెంటు పెట్టడం" అంటారు. "మా మావగారికి గొంతులో ముప్ఫై కరెంట్లు పెట్టారండీ" అని చెబుతూంటారు. అంచేత ఏ జబ్బుకైనా సరే, రేడియేషన్ అన్న మాట మా నోట వచ్చిందంటే రోగి కన్నా ముందు వెంట వచ్చిన వాళ్ళ ముఖాలు పాలిపోతాయి. కాన్సరు కాదు మొర్రో అన్నా నమ్మరు.

వాళ్ళ సంగతి అలా వుంచండి. చదువుకున్న నేను కూడా ఒకసారి ఆ మాటకు అలాగే భయపడ్డాను. దానివల్ల ఒక కుర్రవాడి కాలు పోయింది. పోయిందంటే తీసేశారని కాదు. కాలు వుంది, వంగినది వంగినట్లే వుండిపోయింది. ఆ సంగతి చెబుదామనే ఈ వారం కీళ్ళలో వేసే రేడియోధార్మిక రేణువుల గురించి రాస్తున్నాను.

2022లో ఒక సోమవారం ఓ.పి.లో కూర్చుని వుండగా ఒకతను వరండాలోంచి నడిచి వస్తున్నాడు. ఎడమ మోకాలు ముందుకు వంగి, మునివేళ్ళ మీద మాత్రం ఆనుతూ, ఒక్కో అడుగుకు భుజం కిందికి పైకి పోతూ. ముఖం కన్నా ముందు నడకనే గుర్తుపట్టాను. వెనకాలే అతని అక్కగారు, ఆవిడ చెయ్యి పట్టుకుని పద్నాలుగేళ్ళ పిల్లవాడు. పిల్లవాడి ఎడమ మోకాలు చిన్న కొబ్బరికాయంత వాచి వుంది.

"గుర్తున్నానా డాక్టరు గారూ?" అన్నాడు మేనమామ. "వీడు మా మేనల్లుడండి. నా జబ్బే."

నా జబ్బే అని అతను అన్నది శాస్త్రం ప్రకారం కూడా నూటికి నూరు పాళ్ళూ నిజం. ఆ జబ్బు పేరు హీమోఫీలియా. రక్తం గడ్డకట్టడానికి మన ఒంట్లో వరసగా కొన్ని ప్రోటీనులు పనిచేస్తాయి. వాటిలో ఎనిమిదవ నంబరు ఫాక్టరు గాని, తొమ్మిదవది గాని పుట్టుకతోనే తక్కువైతే వచ్చేది హీమోఫీలియా. దీన్ని ఆడవాళ్ళు మోస్తారు, చాలావరకు మగపిల్లలు అనుభవిస్తారు. తల్లికి పైకి ఏమీ వుండదు. ఆవిడ అన్నదమ్ములకూ, కొడుకులకూ వస్తుంది. ఒక మగపిల్లవాడికి వూరికే కీళ్ళు వాస్తున్నాయంటే నేను ముందుగా అడిగే ప్రశ్న, "మేనమామలు ఎలా వున్నారు?" అని. (మూడొంతుల్లో ఒక వంతు మందికి వంశంలో ఎవరికీ లేకుండా కూడా వస్తుంది. కాబట్టి మేనమామలు బాగున్నారని వదిలెయ్యకూడదు.)

హీమోఫీలియా అంటే చిన్న దెబ్బ తగిలితే రక్తం ఆగకుండా కారిపోవడం అని అందరూ అనుకుంటారు. అదీ వుంది గాని, అసలు నష్టం కంటికి కనిపించని చోట జరుగుతుంది. మోకాలు, చీలమండ, మోచెయ్యి — ఈ కీళ్ళలోకి లోపల్లోపలే రక్తం కారుతుంది. కీలు లోపలి గోడకు పల్చటి పట్టులాంటి పొర వుంటుంది. కీలుకు కావలసిన జిగురు నీటిని తయారు చేసేది అదే. దాన్ని సైనోవియం అంటారు. కారిన రక్తాన్ని శుభ్రం చేసే పని కూడా ఆ పొర మీదే పడుతుంది. రక్తంలోని ఇనుమును మింగి మింగి ఆ పొర ఉబ్బుతుంది, మందమవుతుంది, కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. ఆ నాళాలు బలహీనం, తేలిగ్గా చిట్లుతాయి. మళ్ళీ రక్తం కారుతుంది, పొర మళ్ళీ ఉబ్బుతుంది. ఆరు నెలల్లో ఒకే కీలులో మూడుసార్లు గాని, అంతకన్నా ఎక్కువసార్లు గాని దానంతట అదే రక్తం కారితే దాన్ని "టార్గెట్ జాయింటు" అంటాం. ఇక ఆ కీలు మీద జబ్బు గురిపెట్టినట్లే. కొన్నేళ్ళకు మృదులాస్థి తినేసి, ఎముక ఎముకతో రాసుకుని, కీలు బిగిసిపోతుంది.

మేనమామ మొట్టమొదట నా దగ్గరకు వచ్చింది 2006లో. అప్పుడతనికి పదిహేడేళ్ళు. అదే ఊళ్ళో, అదే ఆసుపత్రిలో నేను చిన్న డాక్టర్ని. ఆ రోజుల్లో మా ఆసుపత్రిలో ఫాక్టరు ఇంజక్షను లేదు. కాలు వాచినప్పుడల్లా ప్లాస్మా ఎక్కించుకోవడానికి జిల్లా కేంద్రానికి పంపేవాళ్ళం. ఎవరో చెబితే వాళ్ళమ్మ అతన్ని పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించింది. ఆయన ఒక చీటీ రాసిచ్చాడు: మోకాలి లోపలి పొర బాగా మందమైంది, కీలు ఇంకా చెడిపోలేదు, ఇప్పుడే రేడియోధార్మిక రేణువుల ఇంజక్షను చేయిస్తే మంచిది అని. దాన్ని రేడియోసైనోవెక్టమీ అంటారు. ఆ చీటీ పట్టుకుని తల్లి నా దగ్గరకు వచ్చింది.

"మోకాట్లో కరెంటు పెడతారా, డాక్టరు గారూ? పెట్టించమంటారా?"

నేనేమన్నానో ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. "పదిహేడేళ్ళ కుర్రాడికి రేడియేషన్ ఏమిటమ్మా? రేపు పెళ్ళి కావలసిన వాడు. వద్దు. కట్టు కట్టుకుని, ఐసు పెట్టి, కాలికి విశ్రాంతి ఇవ్వండి." ఆ తల్లి ముఖం వికసించింది. నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది కూడా. తనకు కావలసిన మాటే నేను చెప్పాను మరి.

ఆ తరవాత నాకు బదిలీ అయింది. 2021లో మళ్ళీ అదే ఊరు వచ్చాను. ఈలోగా ఆ మోకాలు ఏమైందో నాకు తెలియదు, నేను అడగనూ లేదు.

అయితే అప్పుడు నేను ఊరికే భయపడలేదు. చదువుకున్న చదువే భయపెట్టింది. మేము మెడిసిన్ చదివే రోజుల్లో ఒక పాఠం చెప్పారు. వెన్నెముక బిగిసిపోయే ఒక రకం వాతానికి ఇంగ్లండులో ఒకప్పుడు ఎక్సురే కిరణాలతో వైద్యం చేసేవారు. నొప్పి తగ్గేది. కోర్ట్ బ్రౌన్, డాల్ అనే ఇద్దరు వైద్యులు అలా కిరణాలు పెట్టించుకున్న 13 వేలకు పైగా రోగుల లెక్కలు తీసి 1957లో ప్రకటించారు. వాళ్ళలో రక్తపు కాన్సరు మామూలు జనంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. జర్మనీలో ఇంకా ఘోరం. 1940ల్లో కీళ్ళ జబ్బులకూ, ఎముకల క్షయకూ రేడియం 224 అనే పదార్థాన్ని నరానికి ఎక్కించారు, పిల్లలకు కూడా. అది పోయి ఎముకల్లో కూర్చుంది. కొన్నేళ్ళకు వాళ్ళలో చాలామందికి ఎముకల కాన్సరు వచ్చింది. వాతానికి రేడియేషన్ అనగానే నా బుర్రలో మెదిలినవి ఇవే.

నా తప్పల్లా ఒకటే. అవీ ఇవీ ఒకటే అనుకున్నాను. వెన్నెముక మీద బయటి నుంచి పెట్టిన కిరణాలు మూలుగంతటినీ తడిపాయి. రక్తంలోకి ఎక్కించిన రేడియం ఒళ్ళంతా తిరిగింది. మోకాట్లో వేసే రేణువులు మటుకు మోకాట్లోనే వుంటాయి. ఉండేలా చెయ్యడమే ఈ వైద్యంలో వున్న విద్య అంతా. ఒక పుస్తకం తీసి చదివినా, పట్నం డాక్టరుకు ఒక ఫోను చేసినా తెలిసేది. చెయ్యలేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1952లో వియన్నాలో ఫెలింగర్, ష్మిడ్ అనే వైద్యులు కీళ్ళవాతం రోగుల కీళ్ళలో రేడియోధార్మిక బంగారం వేసి చూశారు. బంగారంతో రెండు చిక్కులు వచ్చాయి. దాని రేణువులు మరీ సన్నం, కీలులోంచి జారి గజ్జల్లోని బిళ్ళలకు చేరేవి. పైగా అది దూరం పోయే గామా కిరణాలను కూడా వదులుతుంది. తరవాత యిట్రియం, రీనియం, ఎర్బియం, ఫాస్ఫరస్ వాడుకలోకి వచ్చాయి. మన ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రం వారు కూడా సమారియం, లుటీషియం వంటివాటిని హైడ్రాక్సీ అపటైట్ రేణువులకు పట్టించి ఈ పనికి తయారు చేశారు. హైడ్రాక్సీ అపటైట్ అంటే మరేదో కాదు, మన ఎముకల్లో వుండే సున్నపు పదార్థమే.

రేణువు కొలత చాలా ముఖ్యం. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో రెండు నుంచి పది భాగాలుండాలి. అంతకన్నా సన్నమైతే జారిపోతుంది, లావైతే పొరలోని కణాలు మింగలేవు. సరైన కొలతలో వుంటే ఉబ్బిన పొర దాన్ని రక్తపు మురికిని మింగినట్లే మింగేస్తుంది. మింగిన తరవాత లోపలి నుంచి బీటా కిరణాలు ఆ పొరను మాడుస్తాయి. బీటా కిరణాలు దూరం పోలేవు. యిట్రియం కిరణాలు మాంసంలో సగటున మూడున్నర మిల్లీమీటర్లు పోతాయి, మహా పోతే 11. అందుకే దాన్ని పెద్ద కీలైన మోకాలికి వాడతారు. చీలమండ, మోచెయ్యి, భుజం వంటి వాటికి రీనియం; అది సగటున మిల్లీమీటరు పైచిలుకు పోతుంది. వేళ్ళ కణుపులకు ఎర్బియం, అది మిల్లీమీటరులో మూడో వంతే. దోసెల పెనానికీ, పోపు గరిటెకూ ఒకే మంట పెట్టం కదా, అలాగన్నమాట.

మరి ఆ ధార్మికత ఒంట్లో ఎన్నాళ్ళుంటుంది? యిట్రియం బలం 64 గంటలకు సగమవుతుంది. ఇంకో 64 గంటలకు ఆ సగంలో సగం. నెల తిరిగేసరికి వెయ్యో వంతు కూడా మిగలదు.

మేనల్లుడి సంగతికి వద్దాం. ఆ సోమవారమే పరీక్షలు రాశాను. కీలు లోపలి పొర మందమైంది గాని ఎముకల మధ్య ఖాళీ బాగానే వుంది. అంటే మృదులాస్థి ఇంకా బతికే వుంది. అయిదు నెలల్లో నాలుగుసార్లు రక్తం కారిందని తల్లి కాలెండరు మీద గుర్తులు పెట్టుకుని మరీ తెచ్చింది. నేను న్యూక్లియర్ మెడిసిన్ విభాగం వున్న ఒక పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాను. రాసి, అమ్మమ్మకు నేనే చెబుతాను, తీసుకురండి అన్నాను. ముసలమ్మ వచ్చింది. 2006లో నేను చెప్పిన మాట ఆవిడకూ గుర్తుంది. "అప్పుడు వద్దన్నారు కదా బాబూ?" అంది. "అప్పుడు నాకు తెలియక చెప్పానమ్మా" అన్నాను. అంతకన్నా ఏం చెప్పను? ఆవిడ కాసేపు కొడుకు కాలు వంక చూసింది. తరవాత "సరే, వీడికి చేయించండి" అంది.

చేసే తీరు చెబుతాను, భయం పోవడానికి. ముందుగా ఫాక్టరు ఇంజక్షను ఇస్తారు. ఇప్పుడు కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. చర్మానికి మత్తు ఇచ్చి, సూది కీలులోనే వుందని తెర మీద చూసుకుని, లోపల చేరిన నీరు తీసేసి, రేణువుల మందు వేస్తారు. పరిమాణంలో అది చాలా కొద్ది. సూది బయటికి తీసేటప్పుడు సెలైను గాని స్టెరాయిడు గాని కొద్దిగా ఎక్కిస్తూ తీస్తారు, దారిలో మందు చుక్క పడి చర్మం కాలకుండా. తరవాత రెండు మూడు రోజులు కాలు కదలకుండా బద్ద కట్టి వుంచుతారు. ఈ బద్దను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కాలు కదిలితే రేణువులు జారి బిళ్ళలకు పోతాయి. పిల్లవాడు రెండో రోజే "దురద" అని బద్ద విప్పబోతే మేనమామ రాత్రంతా మంచం పక్కన కూర్చున్నాడట.

మొదటి వారం వాపు కొంచెం పెరగవచ్చు. గుణం వెంటనే కనిపించదు. రెండు మూడు వారాల నుంచి మూడు నెలల దాకా పడుతుంది. అందరికీ పనిచేస్తుందని కూడా చెప్పలేం. పదిమందిలో ఆరు నుంచి ఎనిమిది మందికి మేలు కనిపిస్తుంది. చాలకపోతే ఆరు నెలలు ఆగి మళ్ళీ చేయవచ్చు. అదే పొరను కత్తితో తీసెయ్యాలంటే హీమోఫీలియా రోగికి రోజుల తరబడి ఎంతో ఫాక్టరు కావాలి. మనబోటి దేశాల్లో ఈ ఇంజక్షనుకు విలువ అక్కడే వుంది.

కాన్సరు మాట? దాచను. 2002లో అమెరికా వైద్యులు ఫాస్ఫరస్ రేణువులు వేయించుకున్న హీమోఫీలియా పిల్లల్లో ఇద్దరికి రక్తపు కాన్సరు వచ్చిందని రాశారు. దానికీ దీనికీ సంబంధం వుందని రుజువు కాలేదు. తరవాత 2012లో కెనడా నుంచి వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో ఈ వైద్యం పొందినవారిలో కాన్సరు పెరిగినట్లు కనిపించలేదు. అయినా పిల్లల విషయంలో చూసి చూసి, అవసరమైతేనే చేస్తారు. ఈ పిల్లవాడికి నెలకొకసారి కాలులో రక్తం కారుతోంది. కూర్చుని చూస్తే మోకాలు పోవడం ఖాయం. ఈ రెంటినీ తూచుకునే నేను ఉత్తరం రాశాను.

ఇది చదివి కీళ్ళవాతం వున్న అక్కయ్యలు చాలామంది "మాకు కూడా రాసివ్వండి" అంటారని తెలుసు. కొంచెం ఆగాలి. కీళ్ళవాతానికి ఇవాళ మొదటి మందు మెథోట్రెక్సేట్ వంటి మాత్రలే. (అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళను చూశాను. చీటీ మీద ఏ వారమో పెద్ద అక్షరాలతో రాయించుకోండి.) మాత్రలతో మిగతా కీళ్ళన్నీ నెమ్మదించినా ఒక్క మోకాలు మాత్రం నీరు పడుతూనే వుంటే, ముందు స్టెరాయిడు ఇంజక్షను చేసి చూస్తారు. 2005లో నెదర్లాండ్సు వైద్యులు పోల్చి చూసినప్పుడు, స్టెరాయిడు ఒక్కటే ఇచ్చినవారి కన్నా యిట్రియం కూడా కలిపి ఇచ్చినవారికి అదనపు మేలు కనిపించలేదు. కాబట్టి కీళ్ళవాతంలో దీన్ని మొదటి వైద్యంగా నేను సలహా ఇవ్వను. స్టెరాయిడుకు లొంగని కీలుకు, పెద్ద డాక్టరు చూసి చెబితే చేయించుకోవచ్చు. ఇక వయసు మీద పడి మోకాళ్ళు అరిగినవారికి అసలు జబ్బు పొరలో లేదు, అరుగుదలలో వుంది. ఎవరైనా "అణుశక్తి ఇంజక్షనుతో అరిగిన మోకాలు కొత్తదవుతుంది" అంటే డబ్బు జేబులోనే వుంచుకుని ఇంటికి రండి.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది చెయ్యకూడదు. చేయించుకున్న తరవాత కూడా నాలుగు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. కీలులో చీము వున్నా, ఆ చోట చర్మం మీద పుండు వున్నా, మోకాలి వెనక నీటితిత్తి పగిలి వున్నా పనికిరాదు. హీమోఫీలియా పిల్లలకు ఇంట్లో జ్వరానికీ నొప్పికీ ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇవ్వకండి, పారసిటమాల్ ఇవ్వండి. పిర్రకు, జబ్బకు కండలో సూది వేయించకండి. ఇప్పుడు రక్తం కారక ముందే క్రమంగా ఫాక్టరు ఇచ్చే పద్ధతి వుంది. దొరికేచోట దాన్ని చిన్నప్పుడే మొదలుపెడితే ఈ రేణువుల దాకా రావలసిన అవసరమే చాలామందికి వుండదు.

ఇంజక్షను అయిన ఏడాదికి మామా అల్లుళ్ళిద్దరూ వచ్చారు. ఆ ఏడాదిలో మోకాట్లో రక్తం ఒక్కసారే కారిందట, అదీ సైకిలు మీంచి పడినప్పుడు. టేపుతో రెండు మోకాళ్ళూ కొలిచాను. ఎడమది కుడిదానికన్నా అర సెంటీమీటరు ఎక్కువ. మేనమామ నవ్వాడు. "నేను రోజూ కొలుస్తూనే వున్నానండి" అన్నాడు. అతనిది బట్టలు కుట్టే దుకాణం. ఎడమ కాలు తొక్కలేదని మిషనుకు మోటారు పెట్టించుకున్నాడు. ఇదివరకు పిల్లవాడి స్కూలు ప్యాంటుకు ఎడమవైపు మోకాలి దగ్గర వదులుగా కత్తిరించేవాడట. ఈ జూన్‌లో రెండు కాళ్ళూ ఒకే కొలత పెట్టాడు.

పిల్లవాణ్ణి బయట కూర్చోబెట్టి వచ్చి, మెల్లిగా అడిగాడు. "నా మోకాలికి ఇది పనికిరాదాండి?"

అతని ఎక్సురే దీపం ముందు పెట్టాను. ఎముకల మధ్య సందు లేదు. మాడ్చడానికి అక్కడ ఉబ్బిన పొర మిగల్లేదు, కాపాడడానికి మృదులాస్థీ లేదు. ఫాక్టరు పెట్టుకుని కీలు మార్చే ఆపరేషను చేయవచ్చు, దానికి వేరే చోటికి పంపుతాను, తొందరలేదు ఆలోచించుకో అన్నాను. రేణువులు మాత్రం పనిచెయ్యవని చెప్పాను.

అతను తల వూపాడు. 2006 మాట ఎత్తలేదు. ఎక్సురే కవరులో పెట్టుకుంటూ, "అయితే వాడి కుడి చీలమండ కూడా ఒకసారి చూడండి. ఈ రెండు నెలల్లో రెండుసార్లు వాచింది" అన్నాడు.

పిల్లవాణ్ణి పిలిచి చీలమండ పట్టి చూశాను. వెచ్చగా, మెత్తగా, కొద్దిగా ఉబ్బి వుంది. పెద్దాసుపత్రికి ఉత్తరం ఆ పూటే రాసిచ్చాను.